ఫిట్స్ ఉన్నవాళ్ళకి ఆన్‌లైన్‌లో తోడు ఎక్కడ దొరుకుతుంది, ఎలా చూసి చేరాలి

చెల్లీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. గుంటూరు బ్రాడీపేటలో హాస్టల్లో ఉండి బ్యాంకు పరీక్షలకి చదువుతున్నావు, ఎనిమిది నెలల క్రితం ఫిట్స్ అని తేలింది, మాత్రలు మొదలుపెట్టాక కూడా రెండుసార్లు వచ్చింది, "ఎవరికీ చెప్పకు, రేపు సంబంధాలు రావు" అని ఇంట్లో అన్నారు, రూమ్మేట్స్‌కి కూడా తెలియదు. నాలాంటి వాళ్ళతో మాట్లాడాలని ఉంది, ఎక్కడ వెతకాలి, చేరితే మా వాళ్ళకి తెలిసిపోతుందా అని అడిగావు.

నాకు పదహారో ఏట మొదలైంది, ఇప్పుడు నలభై రెండు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ షాపులో లెక్కలు రాస్తాను. చివరి ఫిట్ వచ్చి నాలుగేళ్ళు దాటింది. ఆరేళ్ళుగా మేం కొందరం కలిసి తెలుగులో ఒక చిన్న గ్రూపు నడుపుతున్నాం, ఇప్పుడు అరవై మందిమి ఉన్నాం. డాక్టర్ని కాను, ఈ జబ్బుతో ఇన్నేళ్ళు బతికినదాన్ని, ఆ లెక్కనే ఇది చదువు.

ముందు ఒక రాత్రి సంగతి చెప్తాను. పన్నెండేళ్ళ క్రితం షాపులో ఫిట్ వచ్చి నాలుక పక్కన కొరుక్కున్నాను. రాత్రి కారం తగలకుండా పెరుగన్నం మెత్తగా పిసుక్కుని ఎడమ దవడ వైపు పెట్టుకుని మింగుతుంటే, మా అమ్మ పక్కన కూర్చుని ఏం మాట్లాడాలో తెలియక నా వీపు నిమురుతూ ఉండిపోయింది. అందరూ పడుకున్నాక ఫోన్ తీశాను. నాకు ఫిట్ వచ్చే ముందు, ఎక్కడా పొయ్యి వెలగకపోయినా, తాలింపు మాడిన వాసన వస్తుంది. కడుపులోంచి ఏదో గొంతు దాకా లేచినట్టు ఉంటుంది. అన్నేళ్ళలో ఈ మాట ఒక్కరికీ చెప్పలేదు, పిచ్చి అంటారేమోనని. ఆ రాత్రి వచ్చీరాని ఇంగ్లీషులో అదే వెతికితే, ఏ దేశంలో ఉందో కూడా తెలియని ఒకావిడ తనకి కాలిన రబ్బరు వాసన వస్తుందని రాసింది. దాని కింద ఇరవై ముప్పై మంది నాకూ, నాకూ అని రాశారు. ఒకరికి నాణేలు నాకిన రుచి, ఒకరికి చూడని ఇల్లు చూసినట్టు ఉండడం. దాన్ని ఆరా అంటారని, అది కూడా చిన్న ఫిట్టేనని నాకు అక్కడే తెలిసింది. నోరు మంటగా ఉన్నా ఆ పేజీ చివరిదాకా చదివి, దుప్పటి కప్పుకుని ఏడ్చాను. బాధతో వచ్చిన ఏడుపు కాదది, నీకు తెలిసే ఉంటుంది.

తర్వాత డాక్టరు గారి దగ్గరికి వెళ్ళినప్పుడు ఈ వాసన సంగతి చెప్తే, ఆయన పెన్ను పక్కన పెట్టి "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా" అన్నారు. మెదడులో ఫిట్ ఎక్కడ మొదలవుతోందో పట్టుకోవడానికి అది పెద్ద గుర్తు అట, నాది చెవి పక్కన ఉండే టెంపోరల్ భాగం. మళ్ళీ పరీక్షలు రాసి మందు మార్చారు. తోటివాళ్ళతో మాట్లాడడం వల్ల నాకు జరిగిన అతి పెద్ద మేలు ఇదే. డాక్టరుకి ఏం చెప్పాలో నాకు వాళ్ళ మాటల్లో దొరికింది.

మందు విషయం డాక్టరు దగ్గరే తేలాలి. కానీ మా సూర్యారావుపేటలో అయినా మీ కొత్తపేటలో అయినా ఓపీ బయట రెండు గంటలు కూర్చుంటే లోపల ఐదు నిమిషాలు దొరుకుతాయి, బయట అంతమంది కాచుకుని ఉంటే ఆయన మాత్రం ఏం చేస్తారు. ఎన్నిసార్లు వచ్చింది, మాత్ర మానావా, నిద్రపోతున్నావా, అంతవరకే అవుతుంది. నిద్రలో ఫిట్ వచ్చి పక్క తడిస్తే హాస్టల్లో ఎవరి కంటా పడకుండా ఏం చేయాలి, మర్నాడు ఒళ్ళంతా రోకలితో దంచినట్టు నొప్పులుంటే అది మామూలేనా, చదివింది నిలవకపోవడం జబ్బు వల్లా మాత్ర వల్లా, ఇవి అక్కడ నోటికి రావు. తోటివాళ్ళని అడగ్గలం. పేషెంట్స్‌లైక్‌మీ అనే అమెరికా సైటులో మూర్ఛ ఉన్నవాళ్ళని అడిగి 2012లో ఒక పరిశోధన ప్రచురించారు. ఈ సైటుకి రాకముందు, ఈ జబ్బు గురించి మాట్లాడుకోవడానికి ఇదే జబ్బున్న మరో మనిషి ఎవరూ లేరని దాదాపు మూడోవంతు మంది అందులో చెప్పారు. మన దేశంలో కోటి మందికి పైగా ఉన్నారని అంచనా. మీ హాస్టల్ ఉన్న వీధిలోనే ఇంకొకరు ఉండి ఉంటారు, ఆ అమ్మాయికి కూడా ఇంట్లో ఎవరికీ చెప్పకు అనే చెప్పి ఉంటారు.

ఇక ఎక్కడ వెతకాలి అన్నది. ఇంగ్లీషు చదవగలవు కాబట్టి మొదట రెడిట్ అనే చర్చల సైటులో ఎపిలెప్సీ (మూర్ఛకి ఇంగ్లీషు పేరు) అని ఉన్న విభాగం చూడు. అక్కడ అసలు పేరు, ఫోన్ నంబరు బయట పడకుండా ఒక మారుపేరుతో ఉండొచ్చు. ఒక నెల ఏమీ రాయకుండా చదువుతూ ఉండు. జబ్బు గురించి సమాచారం కావాలంటే అమెరికాలోని ఎపిలెప్సీ ఫౌండేషన్ వాళ్ళ ఎపిలెప్సీ డాట్ కామ్ బాగుంటుంది, తేలిక మాటల్లో ఉంటుంది. కానీ అక్కడి వాళ్ళ చట్టాలు, అక్కడి ఖర్చులు మనవి కావు, అది గుర్తుపెట్టుకో. ఆరు నెలలు ఫిట్ రాకపోతే కారు నడపొచ్చు అని అక్కడ ఎవరో రాస్తే అది వాళ్ళ రాష్ట్రం సంగతి. ఇక్కడ లైసెన్సుకి పెట్టే ఫారం 1లో మూర్ఛ ఉందా అని సూటిగా అడుగుతారు. స్కూటీ సంగతి నీ డాక్టరుతో మాట్లాడకుండా నిర్ణయించుకోవద్దు.

తెలుగులో వెతికేటప్పుడు ఫిట్స్ అని, మూర్ఛ అని రెండు రకాలుగానూ వెతుకు, కొన్ని గ్రూపులు ఒక మాటతోనే దొరుకుతాయి. అన్నిటికన్నా నమ్మకమైన దారి మాత్రం మనుషుల ద్వారా వెళ్ళడం. నువ్వు చూపించుకునే చోట పేషెంట్ల గ్రూపు ఏదైనా ఉందా అని అసిస్టెంటుని అడుగు. 1970 నుంచి ఇండియన్ ఎపిలెప్సీ అసోసియేషన్ ఉంది, వేరు వేరు నగరాల్లో శాఖలున్నాయి. నవంబరు 17 జాతీయ మూర్ఛ దినం కదా, ఆ వారంలో చాలా ఆసుపత్రుల్లో అవగాహన సదస్సులు పెడతారు. మా గ్రూపు అలాంటి ఒక సదస్సు అయిపోయాక బయట టీ కొట్టు దగ్గర నలుగురితో మొదలైంది. ఒకరి మొహం ఒకరు చూసి ఉండడం వల్ల ఆ తర్వాత ఫోన్‌లో రాసుకునే మాటలకి ఒక బరువు వచ్చింది.

యూట్యూబ్ వీడియోల కింద మాత్రం "నాకు ఫిట్స్, ప్లీజ్ హెల్ప్" అని నంబరు పెట్టొద్దు. అమ్ముకునేవాళ్ళు ఆ నంబర్లు ఏరుకుంటారు. నా చేదు అనుభవం ఇక్కడే చెప్తాను.

ఎనిమిదేళ్ళ క్రితం ఒక పెద్ద గ్రూపులో చేరాను, వేల మంది ఉండేవాళ్ళు. అందులో ఒకాయన చాలా ఓపిగ్గా, అమ్మా అమ్మా అంటూ రోజూ పలకరించేవాడు. మా వాళ్ళు కూడా అడగని విధంగా భోంచేశావా, నిద్రపట్టిందా అని అడిగేవాడు. నెల తిరిగేసరికి కొరియర్లో మూలికల పొడి పంపిస్తానన్నాడు. మాత్రలు సగానికి తగ్గించు, మూడు నెలల్లో పూర్తిగా ఆపేయొచ్చు అన్నాడు. నేను తగ్గించాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా చేతులు చల్లబడుతున్నాయి. పదకొండో రోజు పొద్దున ఒకదాని మీద ఒకటి మూడు ఫిట్స్ వచ్చాయి, మధ్యలో తెలివి రాలేదు. మా తమ్ముడు 108 పిలిచాడు, రెండు రోజులు ఐసీయూలో ఉన్నాను. బయటికి వచ్చాక జరిగింది గ్రూపులో రాస్తే నా పోస్టు తీసేసి నన్ను బయటికి పంపారు. మూలికలని చెప్పి అమ్మిన పొడుల్లో ఫిట్స్‌కి వాడే ఇంగ్లీషు మందులే కలిపిన కేసులు మన దేశంలో బయటపడ్డాయి. ఎంత కలుపుతారో అమ్మేవాడికే తెలియదు, ఇక నీ డాక్టరుకి ఎలా తెలుస్తుంది. పూర్తిగా నయం అన్న మాట, ఇన్‌బాక్స్‌కి రండి అన్న మాట, మాత్ర ఆపు అన్న మాట, ఈ మూడింట్లో ఏది వినపడ్డా ఆ గ్రూపులోంచి వచ్చేయ్. మర్యాద కోసం ఉండొద్దు.

మంచి గ్రూపుని ఎలా గుర్తుపట్టాలంటే, కొత్తవాళ్ళు అడిగిన ప్రశ్నకి పాతవాళ్ళు ఏం జవాబిస్తున్నారో చూడు. "ఈ మాత్ర వేసుకో, ఆ మాత్ర మానెయ్" అని వస్తోందా, "నాకు ఇలా అయింది, నువ్వు డాక్టరుని ఇది అడుగు" అని వస్తోందా. మా గ్రూపులో తెనాలి వైపు అబ్బాయి ఒకడున్నాడు. లెవెటిరాసెటామ్ అనే ఫిట్స్ మాత్ర మొదలుపెట్టిన రెండు వారాలకి చిన్న చిన్నవాటికి అమ్మ మీద అరవడం, ఒకరోజు కంచం విసిరెయ్యడం. నేను చెడ్డవాణ్ణి అయిపోయానక్కా అని రాశాడు. పది నిమిషాల్లో ఐదుగురు తమకీ అదే మాత్రకి అలాగే అయిందని రాశారు. ఆ మందుకి చిరాకు, కోపం, దిగులు రావడం డాక్టర్లకి బాగా తెలిసిన సంగతే, అందరికీ రాదు గానీ కొందరికి వస్తుంది. నువ్వంతట నువ్వు ఆపకు, రేపు పొద్దున్నే ఫోన్ చెయ్ అన్నాం. డాక్టరు మెల్లగా వేరే మందుకి మార్చారు. ఆ అబ్బాయి అమ్మగారు నాకు ఫోన్ చేసి, వాడు మళ్ళీ వంటింట్లోకి వచ్చి నాతో కబుర్లు చెప్తున్నాడమ్మా అన్నారు.

ఇంకొకటి ముందే చెప్పాలి, లేకపోతే నువ్వు బెదిరిపోతావు. గ్రూపుల్లో చదివితే ఈ జబ్బు ఎవరికీ తగ్గదేమో అనిపిస్తుంది. కారణం ఏంటంటే మందులు పడి బాగున్నవాళ్ళు ఉద్యోగాలు, పిల్లలు, వాళ్ళ గొడవల్లో పడి రాయడం మానేస్తారు. కష్టంలో ఉన్నవాళ్ళే రాత్రిళ్ళు రాస్తారు. సరిగ్గా గుర్తించి సరిగ్గా మందు వాడితే 70 శాతం మంది దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. నీకు ఇంకా ఎనిమిది నెలలే, మోతాదు సర్దుబాటు అవడానికే కొందరికి అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఇంగ్లీషు గ్రూపుల్లో సుడెప్ అనే మాట కూడా కనపడుతుంది, ఫిట్స్ ఉన్నవాళ్ళు ఉన్నట్టుండి చనిపోవడం. పెద్దవాళ్ళలో ఏడాదికి దాదాపు వెయ్యిమందిలో ఒకరికి అని లెక్క. అర్ధరాత్రి ఒంటరిగా దాని గురించి చదువుతూ కూర్చోవద్దు, పగలు మీ డాక్టరుని అడుగు. మాత్ర తప్పకుండా వేసుకుని ఫిట్స్ అదుపులో ఉంచుకుంటే ఆ ముప్పు తగ్గుతుంది. ఇతరుల ఫిట్స్ వీడియోలు చూడొద్దు. అయితే నీకు ఫిట్ వచ్చినప్పుడు పక్కవాళ్ళు తీసిన వీడియో మాత్రం డాక్టరుకి చాలా పనికొస్తుంది, అది ఆయనకి చూపించు, గ్రూపులో పెట్టకు.

తెలిసిపోతుందా అన్నావు కదా. గుంటూరులో ఇద్దరిని పలకరిస్తే మూడోవాళ్ళు చుట్టాలవుతారు, నీ భయం నాకు అర్థమైంది. వాట్సాప్ గ్రూపులో నీ నంబరు మిగతావాళ్ళకి కనపడుతుంది, కాబట్టి తెలియని గ్రూపుల్లో దానితో చేరకు. టెలిగ్రామ్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి నంబరు ఎవరికీ కనపడకుండా పెట్టుకోవచ్చు. ఫేస్‌బుక్ అయితే ప్రైవేట్ అని రాసి ఉన్న గ్రూపే చూసుకో, చాలా గ్రూపుల్లో పేరు లేకుండా పోస్టు పెట్టే వీలు కూడా ఉంటుంది, అయినా అడ్మిన్‌కి నీ పేరు కనపడుతుంది. వాట్సాప్‌లో నీ ఫొటో కాంటాక్ట్స్‌కి మాత్రమే కనపడేలా, నిన్ను గ్రూపుల్లో చేర్చే అధికారం కాంటాక్ట్స్‌కి మాత్రమే ఉండేలా ఈ రాత్రే మార్చు. మందుల చీటీ ఫొటో పెట్టాల్సి వస్తే పేరు, వయసు, ఫోన్ నంబరు, ఆసుపత్రి పేరు ఉన్న పై భాగం కత్తిరించి పెట్టు. ఊరు పేరు అడిగితే గుంటూరు జిల్లా అను, బ్రాడీపేట హాస్టల్ అనకు.

పెళ్ళి సంగతి నువ్వు అడగలేదు గానీ మీ ఇంట్లోవాళ్ళ మాట వెనక ఉన్నది అదే కాబట్టి రెండు ముక్కలు. హిందూ వివాహ చట్టంలో పెళ్ళికి అడ్డు అని రాసిన వాటిలో ఒకప్పుడు మూర్ఛ కూడా ఉండేది, 1999లో సవరించి తీసేశారు. దాచిపెట్టి చేసుకున్నవాళ్ళు మా గ్రూపులో ముగ్గురున్నారు, మాత్ర బాత్రూంలో దాక్కుని వేసుకునే బతుకు ఎలా ఉంటుందో వాళ్ళు చెప్తే విన్నాను. నేనైతే చెప్పే చేసుకోమంటాను. నువ్వు వాడేది వాల్‌ప్రోయేట్ అయితే, పెళ్ళీ పిల్లలూ అనే ఆలోచన రాకముందే డాక్టరుతో మాట్లాడి ఉంచు. గర్భంలో బిడ్డకి దానివల్ల హాని ఉండే అవకాశం ఎక్కువ, ముందే చెప్తే వేరే దారి చూస్తారు. భయపడి నీ అంతట నువ్వు ఆపొద్దు, ఆపితే నాకు జరిగిందే జరగొచ్చు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆన్‌లైన్‌లో ఎంతమంది ఉన్నా, నీకు ఫిట్ వచ్చినప్పుడు నిన్ను పక్కకి తిప్పి పడుకోబెట్టలేరు. మా గ్రూపులో ఒకసారి రాత్రి పదకొండు దాటాక ఒక తల్లి "బాబుకి వచ్చింది ఆగట్లేదు" అని రాసింది. ఆ మెసేజ్ మేం చూసేసరికి ఆరు నిమిషాలు గడిచాయి. చూసినవాళ్ళం అందరం 108కి ఫోన్ చెయ్యమ్మా అనే రాశాం, ఆమె చేసింది, బాబు బాగానే ఉన్నాడు. కానీ ఆ ఆరు నిమిషాలు నేను మర్చిపోలేను. మర్నాడే గ్రూపు పైన అందరికీ కనపడేలా ఒక మాట పిన్ చేశాం, ఫిట్ వస్తున్నప్పుడు ఇక్కడ రాయొద్దు, ఐదు నిమిషాలు దాటితే 108 అని.

కాబట్టి గ్రూపులో దొరికిన ధైర్యంతో నువ్వు చేయాల్సిన మొదటి పని, ఒక్క రూమ్మేట్‌కి చెప్పడం. అందరికీ అక్కర్లేదు, నీ మంచానికి దగ్గర మంచం ఎవరిదో ఆ అమ్మాయికి. నేను ఎవరికీ చెప్పని రోజుల్లో విజయవాడ నుంచి గుంటూరు బస్సులో మంగళగిరి దాటాక ఫిట్ వచ్చింది. తెలివి వచ్చేసరికి కుడి అరచేతిలో ఎవరివో తాళాలగుత్తి, పిడికిలి బిగుసుకుని తాళంచెవి పళ్ళు చర్మంలో దిగిన ముద్ర, నోట్లో ఎవరో పెట్టిన రుమాలు. వాళ్ళు మంచికే చేశారు, తెలియక చేశారు. మీ రూమ్మేట్‌కి తెలియకపోతే ఆ అమ్మాయీ అదే చేస్తుంది.

ఏం చెప్పాలో మా గ్రూపులో అందరం కలిసి రాసుకున్నాం, నీకు ఇస్తున్నా, నీ మాటల్లోకి మార్చుకో: "నాకు ఫిట్స్ ఉన్నాయి, మందులు వాడుతున్నాను. అంటుకునే జబ్బు కాదు. ఎప్పుడైనా పడిపోయి కొట్టుకుంటుంటే భయపడకు. టైమ్ చూడు. చుట్టుపక్కల గట్టి వస్తువులు జరుపు, తల కింద మెత్తగా ఏదైనా పెట్టు, ఒక పక్కకి తిప్పు. గట్టిగా అదిమి పట్టుకోకు. నోట్లో ఏమీ పెట్టకు, చేతిలో తాళాలు పెట్టకు, పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్ళు పట్టకు. మామూలుగా రెండు మూడు నిమిషాల్లో ఆగిపోతుంది. ఐదు నిమిషాలు దాటినా, ఆగి తెలివి రాకుండానే మళ్ళీ మొదలైనా 108కి ఫోన్ చెయ్. ఆ తర్వాత నా పక్కన కాసేపు కూర్చో." చివరి మాట మానకు. తెలివి వచ్చేటప్పుడు పక్కన తెలిసిన మొహం ఉండడం ఎలా ఉంటుందో నీకు ఇంకా తెలియదు.

చెప్పాక బాత్రూం తలుపు గడియ పెట్టకుండా స్నానం చెయ్యొచ్చు, ఆ అమ్మాయి బయట చూసుకుంటుంది. పరీక్షల ముందు రాత్రంతా మేలుకుని చదవకుండా లైటు ఆర్పేమని నీకు చెప్పే మనిషి కూడా ఉంటుంది, నిద్ర చెడితే ఫిట్స్ రావడం మనలో చాలామందికి ఉన్నదే. డబ్బా సర్దుకుని మాత్ర ఒకే వేళకి వేసుకో. దిగులు మరీ ఎక్కువై ఎందుకు బతకాలి అనే దాకా వెళ్తే గ్రూపు చాలదు, 14416కి ఫోన్ చెయ్. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఫిట్స్ ఉన్నవాళ్ళలో డిప్రెషన్ మామూలు మనుషుల్లో కన్నా ఎక్కువ, అది నీ బలహీనత అనుకోవద్దు.

మా గ్రూపులో చేరాలనుంటే ఇక్కడ నంబరు రాయకు, నాకు విడిగా మెసేజ్ పెట్టు. ముందు నేనూ ఇంకో అక్కా నీతో ఫోన్లో మాట్లాడతాం, నీకు నచ్చితేనే చేరుదువు గాని. ఈలోపు ఆ పక్క మంచం అమ్మాయికి చెప్పావా, ఏమందో నాకు రాయి. రాత్రి పదిన్నర లోపే రాయి, ఆ తర్వాత మనిద్దరం పడుకోవాలి.